ఎడమవైపు నిలబడినవాడు

మాటిచ్చాను, వినకుండా వస్తానని. ఇచ్చి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. ఓడ వాండో రేవు వదిలి పది నిమిషాలైందో లేదో, నేను ప్రయాణికుల గదిలో ఈ వెచ్చటి గచ్చు మీద గోడవైపు తిరిగి పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, దొంగలా ఫోన్ తెరుస్తున్నాను. ఇంకో నలభై నిమిషాల్లో చోంగ్‌సాన్ దీవి వస్తుంది. రేవులో గుమ్‌ఓక్ అక్క రబ్బరు బూట్లతో నిలబడి ఉంటుంది. ఆల్బమ్ నిడివి ముప్పై ఎనిమిది నిమిషాలట. అంటే దిగేలోపు మొత్తం వినేయొచ్చు, విననట్టు మొహం పెట్టొచ్చు. ఈ లెక్క నేను బస్సులోనే వేసుకున్నాను. గ్వాంగ్‌జు నుంచి రెండున్నర గంటల బస్సు ప్రయాణంలో ఫోన్‌ని సంచి అడుగున, తువ్వాలు కింద దాచుకుని, కిటికీలోంచి బార్లీ చేలు చూస్తూ, ఈ ఒక్క లెక్కే వేస్తూ వచ్చాను. మధ్యాహ్నం పన్నెండింటికి పాటలు విడుదలయ్యాయి. సరిగ్గా అప్పుడు నేను బడి వంటగదిలో, ఆరువందల మంది పిల్లల వరస ముందు, గరిటెతో చారు పోస్తున్నాను. పన్నెండైందని గడియారం చూడలేదు, ఒంటికే తెలిసింది. "అత్తా, నాకు ముక్కలు తక్కువ వేశావు" అని ఒక పిల్ల అడిగితే దాని గిన్నెలో ఇంకో రెండు గరిటెలు కుమ్మరించాను.

మొదటి పాట. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఊపిరి. తర్వాత బేస్ గిటార్, ఒక్కటే, ఇంకేమీ లేకుండా, నిమిషం పాటు. ఇల్‌హాన్ వేళ్లు. ఇవి నాకు తెలుసు, వెయ్యిమంది వాయించినా ఈ వేళ్లని గుర్తుపడతాను, ప్రతి స్వరాన్నీ వదలాల్సిన దానికన్నా రవ్వంత ఆలస్యంగా వదిలే వేళ్లు, అతిథిని గుమ్మం దాకా వచ్చి సాగనంపినట్టు. ఇరవై రెండేళ్ల క్రితం, గ్వాంగ్‌జులో ఒక బట్టల దుకాణం కింద నేలమాళిగలో, పంతొమ్మిది మంది శ్రోతల ముందు, 'చెక్కమెట్లు' అనే పేరు పెట్టుకున్న నలుగురు కుర్రాళ్లు వాయిస్తుంటే, అందరూ మధ్యలో పాడేవాణ్ణి చూస్తుంటే, నేను ఎందుకో ఎడమవైపు చివర తల వంచుకుని నిలబడినవాణ్ణి చూశాను. నా పక్కనే ఇంకొకామె కూడా అతన్నే చూస్తోంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది, చెప్పుల దుకాణం పేరు కుట్టిన చొక్కా వేసుకుని ఉంది. పాట అయ్యాక నావైపు తిరిగి, "నువ్వూ అతనేనా? హమ్మయ్య. నా ఒక్కదానికే కళ్లు సరిగ్గా లేవేమో అనుకున్నా" అంది. అదే గుమ్‌ఓక్ అక్క. ఆ తర్వాత ఏ ఊళ్లో కచేరీ అయినా మేమిద్దరం ఎడమవైపే. ఇప్పుడు ఇతను ఒంటరిగా వేసిన మొదటి ఆల్బమ్‌కి 'ఎడమవైపు' అని పేరు పెట్టాడు. పేరు బయటకొచ్చిన రోజు అక్క ఫోన్ చేసి, "మన గురించేనే! మనల్ని చూశాడే!" అని కేకలు. కరెంటు ప్లగ్గు అటువైపు ఉండేది కాబట్టి అటు నిలబడి ఉంటాడక్కా, అన్నాను. "నీ నోట్లో ఉప్పు పొయ్య" అంది.

ఇప్పుడు గొంతు. ఇల్‌హాన్ పాడుతున్నాడు. పదిహేడేళ్ల కచేరీల్లో మైకు ముందు ఒక్క "థాంక్యూ" కూడా చెప్పని మనిషి పాడుతున్నాడు, మరి, ఏమిటిది, బాగోలేదు. ఎందుకు అబద్ధం, బాగోలేదు. గొంతు మందంగా ఉంది, పైకి వెళ్లాల్సిన చోట వెళ్లడం లేదు, వెళ్లలేనని తెలిసి ముందే దిగిపోతోంది. బ్యాండు విడిపోయి ఐదేళ్లు. పాడేవాడు టీవీలో కనిపిస్తున్నాడు, డ్రమ్స్ అతను కాఫీ దుకాణం పెట్టాడు, ఇల్‌హాన్ మాత్రం మాయమైపోయాడు, ఎక్కడో తూర్పు తీరంలో పాత వాద్యాలు బాగుచేస్తున్నాడని ఎవరో అన్నారు. ఐదేళ్లు మేం ఎదురుచూసింది ఈ గొంతు కోసమా? రెండో పాట కూడా అంతే. బట్టలు ఆరేసి మరిచిపోయిన రోజు గురించి ఏదో పాడుతున్నాడు, వానకి తడిశాయట, మళ్లీ ఎండాయట. అంతే పాట. నాకు కంగారుగా ఉంది. వంటగదిలో ఉప్పు ఎక్కువైన కాగు ముందు నిలబడినట్టు ఉంది, పిల్లలు వరసలో వచ్చేస్తున్నారు, ఏం చెయ్యాలి. అక్కకి ఏం చెప్పాలి.

భుజం మీద ఎవరో తట్టారు. తిరిగి చూస్తే అవ్వ ఒకామె, చెయ్యి చాచి ఉడకబెట్టిన గుడ్డు చూపిస్తోంది. ఆమె పక్కన ఇంకో అవ్వ, చెక్క దిండు మీద తల పెట్టి, మోకాళ్లకి మందు పట్టీలు వేసుకుని పడుకుని ఉంది. ఇద్దరూ వాండో ఆసుపత్రికి వెళ్లి వస్తున్నట్టున్నారు.

"తిను."

"వద్దవ్వా, ఇందాకే తిన్నాను."

"ఏం తిన్నావు? మొహం చూస్తే తిన్నట్టు లేదు. పట్టు." పట్టుకున్నాను. "ఏం వింటున్నావు, అంత మూతి ముడుచుకుని?"

"పాటలు. ఇవాళే వచ్చాయి."

"ఏదీ, నన్నూ విననీ."

కాదనడం ఎలా? ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవిలో పెట్టాను. మూడో పాట నడుస్తోంది. అవ్వ నోట్లో గుడ్డు నమలడం ఆపి, కళ్లు చికిలించి విన్నది.

"ఈ అబ్బాయి అన్నం తినలేదా?" అంది.

"అబ్బాయి కాదవ్వా, యాభై రెండేళ్లు."

"యాభై రెండా! మరి పాడటం ఎప్పుడు నేర్చుకుంటాడు?"

పడుకున్న అవ్వ కళ్లు తెరవకుండానే, "నువ్వు పాడితే మా ఇంట్లో కుక్క బల్ల కింద దూరుతుంది, నువ్వా చెప్పేది" అంది.

"నేను పాడి ఊరి మీదకి వదలడం లేదుగా. నా పెరట్లో నేను పాడుకుంటాను." మళ్లీ విన్నది. ఈసారి చాలాసేపు. "ఎవర్నో పిలుస్తున్నట్టుంది కదూ. గుమ్మం బయట నిలబడి. పిలిచేవాడు గట్టిగా పిలవొచ్చు కదా."

"గట్టిగా పిలిస్తే వచ్చేవాళ్లు కాదేమో" అంది పడుకున్నామె.

అవ్వ ఇయర్‌ఫోన్ తీసి తన జాకెట్టుకి తుడిచి నాకు ఇచ్చింది. "గుడ్డు తిను" అని చెప్పి, తనూ నడుం వాల్చింది.

తిన్నాను. ఉప్పు లేదు. నాలుగో పాట మొదలైంది. ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది, లేదా నేనే వేరేగా వింటున్నాను. మంచి గాయకుడు కావాలని నేను ఎదురుచూశానేమో. ఆ కోరిక పక్కన పెడితే, ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, తన గొంతు ఎంతవరకు వెళ్తుందో తెలిసి అంతవరకే నడిచి అక్కడ ఆగుతున్నాడు. పాట ఆగిన చోట బేస్ అందుకుంటోంది. ఇద్దరు ముసలివాళ్లు సంచి చెరో చేత్తో పట్టుకుని మోసినట్టు. ఐదో పాటలో ఎవరో ఆడమనిషి హార్మోనియం వాయిస్తోంది, ఎవరో తెలియదు, అక్కకి తెలిసే ఉంటుంది, అక్కకి అన్నీ తెలుస్తాయి. పాటల జాబితా బయటకొచ్చినప్పుడు కూడా అక్కే ముందు చూసింది. పోయిన ఆదివారం, నేను పీత పచ్చడి కలుపుతుంటే ఫోన్ చేసి, ముందు వాతావరణం గురించి మాట్లాడింది. అక్క వాతావరణం గురించి మాట్లాడిందంటే నాకు భయం. తర్వాత అంది, "ఎనిమిదోది చూశావా?" చూశాను. "మాటలు లేవట. బేస్ ఒక్కటేనట." ఊ. "వినకే. నా దగ్గరికొచ్చాక విందాం. ఇయర్‌ఫోన్ నీకొకటి, నాకొకటి." సరే అక్కా. "మాటివ్వు." నిన్న మళ్లీ ఫోన్. మళ్లీ మాటిచ్చాను.

అక్క ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నేను ఎందుకు మాట తప్పానో కూడా తెలుసు. ఆ పాట వినేటప్పుడు నా మొహాన్ని ఎవరూ చూడకూడదు. అక్క అయినా సరే. అక్క అయితే మరీను. ఆ పాట 'చెక్కమెట్లు' వాళ్ల రెండో ఆల్బమ్‌లోది. అప్పుడు నాకు ముప్పై. ఏడో నెల. కడుపులో ఉన్న బిడ్డకి సన్నటి చప్పుళ్లు వినపడవని, మంద్రంగా మోగే చప్పుళ్లే లోపలికి చేరతాయని ఎక్కడో చదివి, మా ఆయన సంగ్‌బే స్పీకరు తెచ్చి నా పొట్టకి ఆనించి పెట్టేవాడు. అతనికి ఈ బ్యాండంటే చిరాకు. "వెనకాల నిలబడేవాడిలో ఏం చూశారో మీ ఇద్దరూ" అని వెక్కిరించేవాడు. కానీ బిడ్డ కోసం పెట్టేవాడు. ఒక బుధవారం కదలిక ఆగింది. గురువారం ఆసుపత్రి. శుక్రవారం ఇంటికి వచ్చేశాం, ఇద్దరమే. మా అమ్మకి ఏం చెయ్యాలో తోచక నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అక్క మాత్రం మర్నాడు పెద్ద గిన్నెతో దిగింది, సముద్రపు నాచు చారు, బాలింతలకి పెట్టేది. "ఇది నాకెందుకక్కా" అన్నాను. "కన్న ఒళ్లే కదా, తిను" అంది. తిన్నాను. మూడు రోజులు అదే తిన్నాను. వెళ్లేటప్పుడు అల్మారాలోంచి ఆ రెండో ఆల్బమ్ తీసి సంచిలో వేసుకుని, చెప్పకుండా పట్టుకెళ్లిపోయింది. పదిహేనేళ్లలో దాని ఊసు ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. కచేరీల్లో ఆ పాట మొదలైతే నా చెయ్యి పట్టుకుని బయటకి నడిపించేది, దాహం వేస్తోందని వంక పెట్టి. పాపం, ఎన్ని నీళ్లు తాగిందో. నాలుగేళ్ల తర్వాత సంగ్‌బే నేనూ విడిపోయాం. గొడవ లేదు. ఒకరి మొహంలో ఒకరికి ఆ బుధవారమే కనిపించేది, అంతే. ఇప్పుడు సున్‌చోన్‌లో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. కొత్త సంవత్సరానికి, "ఒంట్లో బాగుందా" అని ఒక ముక్క పంపిస్తాడు. బాగుంది అని నేను పంపిస్తాను.

ఆరో పాట వెళ్లిపోయింది, సరిగ్గా వినలేదు. ఏడోది నడుస్తోంది. కిటికీ అద్దంలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి అవ్వల సంచుల మీద పడుతోంది, ఒక సంచిలోంచి ఉల్లికాడలు బయటకి తొంగిచూస్తున్నాయి. ఓడ మెల్లగా ఊగుతోంది. ఏడోది అయిపోతే ఆపేయొచ్చు. ఆపేసి, లేచి, మెట్లెక్కి పైకి వెళ్లి, సముద్రంలో వరసలు వరసలుగా తేలే చిప్పగవ్వలు పెంచే తెప్పలు చూడొచ్చు, వాటిలో అక్కావాళ్లవి ఏవో వెతకొచ్చు. వేలు ఫోన్ మీదే ఉంది. ఏడోది అయిపోయింది. నిశ్శబ్దం, రెండు క్షణాలు. వేలు కదలలేదు.

ఎనిమిది.

నెమ్మదిగా మొదలుపెట్టాడు. పాతదానికి సగం వేగం. దీని మీద అప్పట్లో ఎంత హడావిడి ఉండేది, డ్రమ్స్, గిటార్, ఆ పాడేవాడి అరుపులు. అవన్నీ తీసేస్తే అడుగున ఉన్నది ఇదీ. పైకప్పు, గోడలు తీసేస్తే మిగిలిన పునాది రాళ్లు. నా ఒక చెవి గచ్చుకి ఆని ఉంది, కింద ఎక్కడో ఓడ ఇంజన్ తిరుగుతోంది, దాని కంపనం గచ్చులోంచి దవడ ఎముకలోకి, పాటలోకి. ఏది ఇంజనో ఏది ఇల్‌హానో తెలియడం లేదు. వెచ్చగా ఉంది. మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాను. ఇలాగే వినిపించి ఉంటుందా లోపలికి? నీళ్లలోంచి, ఎముకలోంచి, వెచ్చగా, ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా? ఇప్పుడు వస్తుంది ఏడుపు, ఇప్పుడు వస్తుంది అని కాచుకుని ఉన్నాను, పళ్లు బిగించి, సంచి పట్టీ పట్టుకుని. రెండో చరణం దాటింది. ఆ తర్వాత ఒక చిన్న మలుపు ఉంది, నేను మరిచేపోయాను, నాలుగు స్వరాలు గబగబా మెట్లెక్కి, పైన ఒక్క క్షణం నిలబడి, మళ్లీ కిందకి దూకుతాయి. అది వచ్చింది. నా పొట్ట కుడివైపున, పక్కటెముక కింద, తన్ను.

తన్ను కాదు, జ్ఞాపకం. కానీ సరిగ్గా అక్కడే. ఆ మలుపు వచ్చిన ప్రతిసారీ అక్కడే తన్నేది. మొదటిసారి కాకతాళీయం అనుకున్నాం. సంగ్‌బే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ తన్నింది. ఆ సాయంత్రం ముప్పైసార్లు పెట్టి ఉంటాడు. "ఇప్పుడు చూడు, ఇప్పుడు, ఇప్పుడు" అంటూ నా పొట్ట మీద చెవి పెట్టేవాడు, తన్ను అతని చెంపకి తగిలేది, "నన్ను కొట్టింది! సొంత తండ్రిని!" అని గచ్చు మీద పడి దొర్లేవాడు, నవ్వి నవ్వి నాకు ఎక్కిళ్లు వచ్చాయి, ఎక్కిళ్లకి కోపమొచ్చి అది ఇంకా తన్నింది. కింది వాటా వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. "ఏమిటండీ ఒకటే పాట, మాకు మతిపోతోంది" అంటే, సంగ్‌బే చేతులు జోడించి, "క్షమించండి, మా బిడ్డ డాన్సు చేస్తోంది" అన్నాడు. ఆ కిందావిడ లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, తను కూడా చెయ్యి పెట్టి చూసి వెళ్లింది. ఇది ఎక్కడుంది ఇన్నాళ్లూ? ఆ బుధవారాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసినప్పుడు దాంతోపాటు ఈ సాయంత్రాన్ని కూడా పెట్టేశాను. చూసుకోలేదు. ఏడు నెలల్లో ఒక్కరోజే దుఃఖం. మిగిలినవన్నీ ఇలాంటివే. మిగిలినవన్నీ.

ఏడుపు రాలేదు. నోరు తెరుచుకుని ఉంది, పళ్లు చల్లగా ఉన్నాయి, నేను నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది. మలుపు మళ్లీ వచ్చింది. ఈసారి ఇల్‌హాన్ పై స్వరం మీద ఇంకాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. సాగనంపలేనట్టు. నా భుజం మీద బరువుగా ఏదో పడింది. అవ్వ తన దుప్పటి సగం నా మీదకి లాగింది. ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి.

తొమ్మిదో పాట పొట్టిది, బాగుంది. పదో పాట బాగోలేదు, ఒప్పుకోవాలి, ఎవరో కుర్రకారు కోసం చెయ్యమన్నట్టుంది. పదకొండోదాంట్లో మళ్లీ ఒక్కడే. చివర్లో కుర్చీలోంచి లేచి, నాలుగు అడుగులు నడిచి, తలుపు తీసిన చప్పుడు. వెయ్యలేదు. ఓడ సైరన్ మోగింది. అవ్వలు లేచి సంచులు సర్దుకుంటున్నారు. "కాస్త రంగొచ్చింది మొహానికి" అంది గుడ్డు అవ్వ. "గుడ్డు మహిమ."

దిగాను. కొండ మీద బార్లీ పచ్చగా, దాని పక్కన ఆవపూలు పసుపుగా, ఎండలో కళ్లు చికిలించాల్సి వచ్చింది. అక్క రేవులో చిన్న ట్రక్కు పక్కన నిలబడి ఉంది, రబ్బరు బూట్లు, ఎండ టోపీ. నన్ను చూసి చెయ్యి ఊపబోయి మధ్యలో ఆపేసింది.

"విన్నావు" అంది.

"ఏం వినడం?"

"మిరాన్, నీ మొహం నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. విన్నావు."

"విన్నానక్కా."

"ద్రోహీ! నా వేలు ఆగదని మధ్యాహ్నం నుంచి ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాను. మా ఆయన ఫోన్ చేసి చేసి, నేను సముద్రంలో పడ్డాననుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. నువ్వేమో హాయిగా..." ఆగింది. నా మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "ఎనిమిదోది కూడానా?"

"ఊ."

"ఒక్కదానివే విన్నావా? ఏడ్చావా?"

"లేదు. నవ్వొచ్చింది."

అక్క టోపీ తీసి, మళ్లీ పెట్టుకుంది. "ఎక్కు" అంది. ట్రక్కులో ఎక్కి కూర్చున్నాం. తాళం తిప్పలేదు. నేను ఒక ఇయర్‌ఫోన్ ఆమెకి ఇచ్చి, ఎనిమిదోది పెట్టాను. ఆమె ముందు అద్దంలోంచి నేరుగా చూస్తూ, స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకుని వింటోంది, ఎంత జాగ్రత్తగా అంటే, పక్కన నిద్రపోతున్నవాళ్లెవరో ఉన్నట్టు. మలుపు దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ" అన్నాను. "ఇదిగో, ఇప్పుడు. ఇక్కడ తన్నేదక్కా. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు."

అక్క పాట అయిపోయేదాకా విన్నది. తర్వాత నావైపు తిరగకుండానే అడిగింది, పదిహేనేళ్లలో ఎవరూ అడగనిది.

"పేరు పెట్టుకున్నారా?"

"కడుపులో ఉండగా పిలుచుకోవడానికి ఒకటి పెట్టాడు సంగ్‌బే. కోంగి. గింజ అని, బఠాణీ గింజంత ఉన్నప్పుడు."

"కోంగి" అంది అక్క. రెండోసారి, పిలిచినట్టు, "కోంగీ" అంది. బయటి గాలిలో ఆ పేరు ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను. "మంచి పేరు. మళ్లీ పెట్టు. ఎక్కడ తన్నిందో నేను సరిగ్గా పట్టుకోలేదు."

వెనక ఓడలోంచి దిగిన లారీవాడు హారన్ కొట్టాడు. మేం దారికి అడ్డంగా ఉన్నాం. అక్క కిటికీలోంచి చెయ్యి బయటకి పెట్టి, కాసేపు ఆగమంది.